ముద్ర కింది మొహం

ఆ ఇంట్లో మాట ఆగిపోయి ఏడాది దాటింది. మగ్గం మాత్రం ఆగలేదు. మగ్గం ఆగితే పొయ్యీ ఆగుతుంది కదా.

తెల్లారగానే ఉప్పు చాయ్ తాగి, రొట్టె ముక్క ముంచుకు తిని, మొగుడూ పెళ్ళాం మగ్గం ముందున్న పలక మీదికెక్కి పక్కపక్కన కూర్చునేవాళ్ళు. కుడివైపు రహతి, ఎడమవైపు ఖజిర్. రహతి తాలీమ్ చదివేది. "రెండు ఎరుపు, ఒకటి పచ్చ, నాలుగు ఎరుపు." ఖజిర్ ముడులు వేసి, చేతిలోని కొక్కెం కత్తితో మగ్గం దుంగ మీద ఒక దెబ్బ కొట్టేవాడు. టక్. అంటే వేశాను, తరవాతిది చదువు అని. వెనకటి రోజుల్లో ఆ మాట నోటితో అనేవాడు. "అయ్యింది" అనేవాడు. నేతగాళ్ళందరూ అనే మాటే అది. ఇప్పుడా మాట కూడా దుంగకే అప్పజెప్పేశాడు.

వెనకటి రోజుల్లో తాలీమ్ చదివింది రహతి కూడా కాదు, వాళ్ళమ్మాయి ముబీనా.

తివాచీ నేసేవాళ్ళకు బొమ్మ కనిపించదు. బొమ్మ గీసేవాడి దగ్గరే ఉండిపోతుంది. ఆయన దాన్ని గళ్ళ కాగితం మీద గీస్తాడు, ఒక్కో గడి ఒక్కో ముడి. తరవాత ఆ గళ్ళను వరస తప్పకుండా చూసుకుంటూ, ఏ రంగువి ఎన్ని ముడులో కొక్కేలు, గీతలు, చుక్కలుగా ఒక పొడుగాటి చీలిక మీద రాస్తాడు. మగ్గం దగ్గరికి వచ్చేది ఆ చీలికే, తాలీమ్ అంటే అదే. అందులో పువ్వు పువ్వులా ఉండదు, చిలక చిలకలా ఉండదు. అంతా రంగులూ లెక్కలే. చదివే గొంతు ఎలా పోతే చేతులు అలా పోతాయి. పువ్వు ఎప్పుడు విచ్చిందో నేసినవాడికి కూడా ఆఖర్నే తెలుస్తుంది.

ముబీనాకు బడి పుస్తకం కంటే ముందు తాలీమ్ చదవడం వచ్చింది. అమ్మకీ నాన్నకీ మధ్య కూర్చుని కాళ్ళాడిస్తూ చదివేది. ఊరికే చదివితే ముబీనా ఎందుకవుతుంది? "మూడు ఎరుపు, రెండు తెలుపు, బాబా ముక్కు మీద ఒకటి నీలం" అనేది. ఖజిర్ ధ్యాసలో ఉండి నీలం ఉన్నికోసం చెయ్యి చాచేవాడు. రహతి నవ్వు ఆపుకోలేక పలక మీంచి జారిపోయేది. "ఈ పిల్ల చేతిలో నా తివాచీ ఏదో ఒకరోజు నవ్వులపాలవుతుంది" అనేవాడు ఖజిర్. అన్నాక తనే ముందు నవ్వేవాడు.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. వీధిలో మోకాలి లోతు మంచు. "ఇప్పుడే తీసుకుపోదాం" అంది రహతి. "ఈ మంచులో తిప్పితే జ్వరం ఇంకా పెరుగుతుంది, రేపు పొద్దున తగ్గాక పోదాం" అన్నాడు ఖజిర్. పొద్దున పిల్లను వీపున కట్టుకుని, పైన తన ఫెరన్, ఆ పొడుగాటి ఉన్ని అంగీ, కప్పుకుని బయల్దేరాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి మెడ చుట్టూ ఉన్న చేతుల పట్టు వదిలిపోయింది. అలాగే ఆసుపత్రిదాకా నడిచాడు. నడవడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు.

మట్టి చేసి వచ్చాక, పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా వెళ్ళిపోయాక, రహతి ఒకే ఒక్క మాట అంది.

"నువ్వు రేపు అన్నావు."

గట్టిగా కూడా అనలేదు. ఖజిర్ ఏమీ అనలేదు. ఆ రోజునుంచి ఇంకేమీ అనలేదు.

ముబీనా ఫొటో ఒక్కటే ఉంది, బడివాళ్ళ గుర్తింపు కార్డు మీద అంటించింది. బొటనవేలు పెట్టి మూసేయొచ్చు, అంత. బడివాళ్ళు ఫొటో మీద ఊదారంగు ముద్ర గుద్దారు. ఆ ముద్ర సరిగ్గా సగం మొహం మీద పడింది. రహతి ఆ కార్డును రొమ్ము దగ్గర దాచుకునేది. చెమ్మకు ముద్ర సిరా పాకడం మొదలుపెట్టింది. నెలనెలా కొంచెం కొంచెంగా ఊదా రంగు ముక్కు వైపు జరుగుతోంది.

ఖజిర్ అక్క ముఖ్తి పక్క సందులోనే ఉండేది. నోరు పెద్దది, మనసు మంచిది. ఒకరోజు కాంగ్రీ కుంపటి ఒళ్ళో పెట్టుకుని, నిప్పులు కెలుక్కుంటూ కూర్చుంది.

"ఎన్నిసార్లు చూస్తావే ఆ ఫొటోని. నీ చూపులకే అరిగిపోయేట్టుంది."

"అరిగిపోతోంది వదినా. చూడు, ఇక్కడిదాకా వచ్చేసింది."

ముఖ్తి కార్డును వెలుతురుకు పట్టుకు చూసింది. కాసేపు ఏమీ అనలేదు. అది ఆమెకు అలవాటు లేని పని. తరవాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఏరా, నీ నాలుక ఎక్కడన్నా తాకట్టు పెట్టావా? విడిపించుకో ఇంక. లేకపోతే చెప్పు, మేమే చందా వేసుకుంటాం."

టక్ అని దుంగ మీద దెబ్బ పడింది.

"అదిగో, మగ్గం మాట్లాడుతోంది" అంది ముఖ్తి. "చెల్లీ, నువ్వు మగ్గాన్ని చేసుకున్నావే."

ఆ వేళాకోళం మధ్యలోనే రహతికి ఆలోచన వచ్చింది. కాగితం మీది మొహం పోతుంది. ముడి వేసిన మొహం పోదు. తాతల నాటి తివాచీల్లో రంగు ఇప్పటికీ నిలిచే ఉంది కదా.

సమద్ కాక ఆ పేటలో తాలీమ్ రాసే ముసలాయన. బొమ్మా ఆయనే గీసుకుంటాడు. ఆయన తండ్రి కూడా అదే పని. రహతి కార్డు తీసి ముందు పెట్టగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"బిడ్డా, నేను పువ్వులు రాస్తాను, చెట్లు రాస్తాను. మహా అయితే పిట్ట. మనిషి మొహం మా ఇంట్లో ఎవరూ రాయలేదు. మన మతంలో అది తప్పు కూడా."

"గోడకు తగిలించను కాక. ఎవరికీ చూపించను. పెట్టెలో పెట్టుకుంటాను."

"పెట్టెలో పెట్టుకునేదానికి ఎందుకు?"

"పెట్టెలో ఉందని తెలుస్తుంది కదా."

సమద్ కాక కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ముబీనా ఆయనకు తెలియని పిల్ల కాదు. తాలీమ్ చీలికలు పట్టుకుపోవడానికి వచ్చినప్పుడల్లా "కాకా, ఈసారి పువ్వు రాశావా, ముల్లంగి రాశావా?" అని ఎగతాళి చేసి పోయేది. ఆయన కార్డు దగ్గరికి లాక్కున్నాడు.

"ముద్ర పడిందే."

"పడింది."

"సరే, వదిలేసి వెళ్ళు. ఉన్ని మాత్రం నువ్వే అద్దించుకో. చర్మం రంగుకు ఒక్క గోధుమరంగు చాలదు, నాలుగైదు ఛాయలు కావాలి. వెలుగు పడ్డచోట ఒకటి, నీడ పడ్డచోట ఒకటి."

తాలీమ్ వచ్చేసరికి చెట్ల మీద ఆకులు ఎర్రబడ్డాయి. రహతి చీలికను దారాల మధ్య దోపింది. గీసిన బొమ్మ చూపిస్తానని సమద్ కాక అంటే వద్దంది. మగ్గం మీదే చూస్తాను అంది.

ఖజిర్ ఏం నేస్తున్నామని అడగలేదు. చిన్న మగ్గానికి నిలువు దారాలు బిగించిపెట్టాడు. అద్దించి తెచ్చిన ఉన్ని ఉండలు దండెం మీద వరసగా వేలాడుతుంటే వాటి వంక చాలాసేపు చూశాడు. గులాబీ తోటకు అన్ని గోధుమ ఛాయలు అక్కర్లేదని ఏ నేతగాడికైనా తెలుస్తుంది. వచ్చి తన చోట కూర్చున్నాడు.

తివాచీ కిందినుంచి పైకి పెరుగుతుంది. ముందు బడి చొక్కా కాలరు వచ్చింది. నీలం, తెలుపు. తరవాత మెడ. రహతి చదువుతోంది, ఖజిర్ దుంగ కొడుతున్నాడు. చీలిక మీద ప్రతి వరస చివరా తిరుగు గుర్తు ఉంది. ఆ గుర్తుంటే చదివింది నడిమి దారందాకా, అక్కడినుంచి అదే లెక్క అటువైపు వెనక్కి పోవాలి అని. పువ్వుకైనా, చెట్టుకైనా అంతే. తాలీమ్ రాసేవాడు సగమే రాస్తాడు, రెండో సగం నేతగాడిది. రహతి తన సగం వేస్తుంటే ఖజిర్ అద్దంలో నీడలా తన సగం వేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అలా వేసిన చేతులవి. అవి అడగవు, ఆలోచించవు.

మెడ అయ్యింది. గడ్డం గుండ్రంగా తేలింది. రహతి చదువుతూనే ఉంది.

"నాలుగు లేత గోధుమ, రెండు ముదురు గోధుమ..."

టక్.

"ఒకటి నలుపు."

ఆమె చెయ్యి నల్ల ఉన్ని అందుకుని ముడి వేసింది. కొక్కెంతో కోసింది. వేలితో నొక్కింది. అప్పుడు గుర్తుపట్టింది, అది పుట్టుమచ్చ. ముబీనాకు పెదవి కింద, ఒక పక్కన, నువ్వుగింజంత ఉండేది. చిన్నప్పుడు దాన్ని తుడిచేద్దామని రుద్దితే పిల్ల కేర్‌మని ఏడ్చింది. రహతి ఆ నల్ల ముడి మీద వేలు పెట్టి ఉంచేసింది, తియ్యలేదు.

టక్ అని వినపడలేదు.

పక్కకు తిరిగి చూసింది. ఖజిర్ కూడా నల్ల ముడి వేసి ఉన్నాడు. కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"ఇటు లేదు కదా" అన్నాడు.

ఏడాదికి పైగా వాడని గొంతు. తుప్పు పట్టిన గొళ్ళెంలా వచ్చింది.

రహతికి అర్థం కాలేదు. ఆ మాట విన్న అదురులోనే ఉండిపోయింది.

"పుట్టుమచ్చ" అన్నాడు ఖజిర్. "ఒకపక్కే కదా ఉండేది. రెండు పడ్డాయి."

అప్పుడు ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. గడ్డం తిన్నగా, మధ్యలో మడత పెట్టి కత్తిరించినట్టు ఉంది. ముబీనా గడ్డం అలా ఉండేది కాదు. ఎప్పుడూ ఏదో అనబోతున్నట్టు కాస్త ఒక పక్కకు ఉండేది. రెండు మచ్చలతో, తిన్నని గడ్డంతో ఎవరో పిల్ల తయారవుతోంది అక్కడ. చక్కటి పిల్లే. వాళ్ళ పిల్ల కాదు.

చీలిక చుట్టుకుని ఇద్దరూ సమద్ కాక దగ్గరికి పోయారు. వీధిలో పక్కపక్కన నడవడం చూసి ముఖ్తి గుమ్మంలోంచే అరిచింది. "ఏమయిందిరా, ఇల్లు గానీ అంటుకుందా?" ఇద్దరూ నడక ఆపలేదు.

సమద్ కాక చీలికను కళ్ళ దగ్గర పెట్టుకు చూశాడు. ప్రతి వరస చివరా తిరుగు గుర్తు. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడ్డవాడిలా చూశాడు వాళ్ళకేసి.

"అలవాటు బిడ్డా" అన్నాడు. "బుద్ధెరిగినప్పటినుంచి దేనికీ రెండో సగం గీసి ఎరగను. నడుమకి రాగానే చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. మొహానికి అది చెల్లదని తట్టనే లేదు." కార్డు తీశాడు. "అయినా తట్టి ఉంటే మాత్రం ఏం రాసేవాణ్ణి? చూడు. అటు పక్కంతా ముద్రే. నాకు దొరికింది సగం మొహమే."

ఆయన కొత్త గళ్ళ కాగితం తీసి పరిచాడు. కలం చెక్కుకున్నాడు.

"పోనీ, మీరు చెప్పండి. కన్నవాళ్ళు మీరు. ఆ పక్క ఎలా ఉండేదో చెప్తే ఒక్కో గడీ అలాగే నింపుతాను. కిందినుంచి రండి. పెదవి ఆ చివర పైకుండేదా, కిందికా?"

"పైకి" అంది రహతి.

"కిందికి" అన్నాడు ఖజిర్.

"నవ్వితే పైకే కదా పోయేది."

"అది ఇటు పక్క. అటు పక్క కిందికే. అందుకే నవ్వితే వంకరగా ఉండేది. నువ్వే కదా వంకరమూతి అని పిలిచేదానివి."

"నేను ఎప్పుడు పిలిచాను? మీ అక్క పిలిచేది."

"మా అక్క ముద్దుకు పిలిచేది. నువ్వు కోపానికి పిలిచేదానివి."

సమద్ కాక కలం కాగితం మీద ఆన్చకుండా పట్టుకునే ఉన్నాడు. "పోనీ కనుబొమ" అన్నాడు మెల్లగా.

"పొక్కులు పోసినప్పటి మచ్చ ఉండాలి కనుబొమ చివర" అంది రహతి. "వెంట్రుకలు ఊడి, కాస్త ఖాళీ."

"అది ఇటు కాదూ?"

"ఇటైతే ఫొటోలో కనపడేది కదా. కనపళ్ళేదు. అంటే అటే."

"అంటే నీకూ గుర్తులేదు" అన్నాడు ఖజిర్. "ఫొటోలో లేదు కాబట్టి అటు అంటున్నావు."

రహతి కళ్ళు గట్టిగా మూసుకుంది. పిల్ల మొహం కోసం చూసింది. జ్వరంలో, నవ్వులో, పొద్దున రొట్టె నములుతూ, ఏదో ఒక మొహం. వచ్చింది. వచ్చి నిలబడింది. దాని మీద సగం మేర ఊదారంగు ముద్ర ఉంది.

"కాకా" అంది, కళ్ళు తెరవకుండానే. "నాకు ముద్రతోనే కనపడుతోంది."

ఖజిర్ నేల చూశాడు.

"రోజూ ఫొటోనే చూశాను" అంది రహతి. "చూసి చూసి... పిల్ల పోయి ఫొటో మిగిలింది లోపల."

సమద్ కాక కలం పక్కన పెట్టాడు. గళ్ళ కాగితం అలాగే ఖాళీగా ఉంది. ఆయన దాన్ని మడిచెయ్యలేదు, వాళ్ళకివ్వనూ లేదు. లోపలికి కేకేసి చాయ్ తెమ్మన్నాడు. వచ్చిన చాయ్ ఎవరూ తాగలేదు.

మర్నాడు రహతి ముందుగా పలక ఎక్కింది. ఖజిర్ సగంలో మెడ దగ్గర్నుంచి పైకి ఉన్న ముడులన్నీ విప్పడం మొదలుపెట్టింది. వేసిన ముడి విప్పడం వెయ్యడం కంటే కష్టం. సూదితో లేపి, కొక్కెంతో లాగి, తెగిన ఉన్నిని ఊది పారెయ్యాలి. ఆఖర్న ఆ రెండో నల్ల ముడి వచ్చింది. అది ఊడి ఆమె ఒళ్ళో పడింది. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అది ముబీనాది కాదు. అయినా చెయ్యి రాలేదు.

అప్పటికి ముఖ్తి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏదో అనబోయి, మగ్గం మీది సగం గడ్డం చూసి, చెప్పులు వదిలి లోపలికి వచ్చి గోడ పక్కన కూర్చుంది.

ఖజిర్ వచ్చి తన చోట కూర్చున్నాడు. తాలీమ్ చీలిక రహతి ముందు దారాల్లో ఉంది. చెయ్యి చాచి దాన్ని తీసుకుని తన ముందు దోపుకున్నాడు.

"నేను చదువుతాను" అన్నాడు.

"మరి నీ పక్క?"

అతను దండెం వైపు చూశాడు. అద్దకం పెట్టని ఉన్ని ఉండ ఒకటి ఉంది, గొర్రె ఒంటి మీంచి వచ్చినప్పటి తెల్ల రంగులోనే. దాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"తెలియనిది ఎట్లా వేస్తాం?" అన్నాడు. "వేస్తే ఇంకెవరో అవుతుంది. నిన్న చూశాం కదా."

రహతి తల ఊపింది. విప్పిన వరసలన్నీ ఖజిర్ తెలుపుతో నింపాక, ఆగిన చోటినుంచి మొదలుపెట్టారు.

"ఐదు లేత గోధుమ, రెండు ముదురు గోధుమ" అన్నాడు ఖజిర్. నడిమి దారం దగ్గర ఆగాడు. తరవాత, "ఇటు తెలుపు" అన్నాడు.

"అయ్యింది" అంది రహతి.

అతనికి ముబీనాలా చదవడం రాదు. ఒక్కో గుర్తు దగ్గర ఆగి, దారి అడుగుతున్నవాడిలా చదివేవాడు. ఆమె పక్కన పెదవి వచ్చింది. పైకి తిరిగిన చివర అది. నడుమ దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పక్కన తెలుపు. ముక్కు సగం వచ్చింది. ఆ పక్కన తెలుపు. మంచు పడ్డ రోజున వీధిలో ఎవరి ఇంటి అరుగు ఏదో తెలియనట్టు, అటువైపంతా తెల్లగా, ఆనవాలు లేకుండా ఉంది. ముఖ్తి రోజూ వచ్చి కూర్చునేది. ఒకరోజు "ఇటు తెలుపు" అన్నప్పుడు మొహాన కొంగు కప్పుకుని లేచి వెళ్ళిపోయింది.

కన్ను వచ్చే వరస దగ్గర ఖజిర్ చదవడం ఆపాడు. రహతి చేతిలో నల్ల ఉన్ని సిద్ధంగా ఉంది. ఎదురుచూసింది.

"రేపు అన్నది నేనే" అన్నాడు ఖజిర్, చీలిక వంకే చూస్తూ. "ఎప్పుడు తల్చుకున్నా ఆ మాటే నోట్లోకి వస్తోంది. అందుకని నోరు తెరవలేదు."

రహతి నల్ల ఉన్నిని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. అతను అన్నది కాదనలేదు. ఆ మాట తప్పు కాదని చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. తప్పని మళ్ళీ చెప్పడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"చదువు" అంది. "కన్ను ఆగిపోయింది."

ఖజిర్ గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి లేత గోధుమ, మూడు తెలుపు, రెండు నలుపు."

ఆమె రెండు నల్ల ముడులూ వేసి, బిగించి, కోసింది. ముబీనా ఒక కంటితో వాళ్ళిద్దరి కేసీ చూసింది.

"ఇటు" అన్నాడు ఖజిర్. ఆగాడు. పక్కకు తిరిగి తన వైపున్న తెల్లటి దారాలను, ఏ గుర్తన్నా తగులుతుందేమో అన్నట్టు, అరచేత్తో ఒకసారి పైనుంచి కిందికి తడిమాడు.

"ఇటు తెలుపు" అన్నాడు.

"అయ్యింది" అంది రహతి.